కమిలికి అందని కబురు

ఈ మాట నోటిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో నాకే తెలియదు. పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. ఇన్నేళ్లూ దాన్ని లోపల పెట్టుకునే వంటలు చేశాను, పండుగలు చేశాను, నలుగురిలో మంచి మనిషిననిపించుకున్నాను. మా ఆయనకు తెలియదు. మా అమ్మ ఈ సంగతి తెలియకుండానే కన్నుమూసింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం రాదు. ముందే చెప్పేస్తాను.

ఒక తల్లికి రావాల్సిన కబురు నా చేతికి వచ్చింది. నేను ఆమెకు చెప్పలేదు.

మేముండేది ఒక రిసార్టులో. భద్రాచలం వైపు అడవిలో, గోదావరికి కాస్త ఎడంగా, వాగు దాటాక ఉంటుంది. మా ఆయన అక్కడ మేనేజరు. పెళ్లయ్యేదాకా నేను తల్లాడ దగ్గర మా ఊళ్లో ఇంటినిండా మనుషుల మధ్య పెరిగినదాన్ని. నేను రిసార్టులో కాపురం పెడుతున్నానంటే మా పిన్ని కూతుళ్లు కుళ్లుకున్నారు. వాళ్లు చూసింది చలికాలం. దసరా సెలవుల నుంచి శ్రీరామనవమి దాకా కార్లు, పిల్లలు, పాటలు, బిర్యానీ వాసనలు. ఎండలు ముదిరితే జనం పలచబడతారు. వానలు మొదలైతే ఒక్కరూ రారు. వాగు రోడ్డు మీదికెక్కుతుంది. సీజను పనివాళ్లు ఎవరి ఊళ్లకు వాళ్లు పోతారు. అంత ఆస్తిని గాలికి వదిలేయలేరు కనుక రెండు కుటుంబాలు మాత్రం ఏడాది పొడుగునా అక్కడే ఉండాలి. ఒకటి మాది. ఇంకొకటి వంటమాస్టరు లాలూది.

వానాకాలపు రిసార్టు ఎట్లా ఉంటుందో చెప్తే మీకు నవ్వొస్తుందేమో. ఎవరూ పడుకోని మంచాలకు దుప్పట్లు మారుస్తాం. బూజు పట్టకుండా గదులు తెరిచి ఫ్యాన్లు వేస్తాం. స్విమ్మింగ్ పూల్‌లో వాననీళ్లు నిండి కప్పలు అరుస్తాయి. డైనింగ్ హాల్లో వంద కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉంటాయి, వాటి మధ్య నుంచి నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినిపిస్తుంది. మా ఆయన రిపేర్ల సామాను కోసమని, ఓనర్ పిలిచాడని కొత్తగూడెమో ఖమ్మమో పోయి వాగు అవతలే చిక్కుకుపోయేవాడు. మా బాబును చదువు కోసం తల్లాడలో మా అమ్మ దగ్గర ఉంచాం. వాడు ఫోన్లో రెండు మాటలు మాట్లాడి ఆటకు పరిగెత్తేవాడు. ఆ తర్వాత రోజంతా మాట్లాడటానికి నాకున్నది కమిలి ఒక్కతే.

కమిలి లాలూ భార్య. కారేపల్లి దగ్గర తండా పిల్ల. మొదట్లో నన్ను మేడం అనేది, తర్వాత ఎప్పుడో అక్కా అనడం మొదలుపెట్టింది. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని బియ్యం ఏరేవాళ్లం. చలికాలంలో వచ్చిన టూరిస్టులు ఎట్లా నడిచారో, ఎట్లా ఫొటోలు దిగారో ఆమె లేచి చేసి చూపిస్తే నేను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వేదాన్ని. జ్వరమొస్తే నా తల ఆమె ఒళ్లో పెట్టుకుంది. సొంత చెల్లెలు చేస్తుందా అంత? నాకు సొంత చెల్లెలు లేదు. అందుకని తెలియదు.

వాళ్లకొక కూతురు. సునీత. ఐదేళ్లుంటాయప్పుడు. పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాలేదు. ఏం కావాలన్నా కొంగు పట్టి లాగేది. అర్థం కాకపోతే నేల మీద పడి దొర్లి ఏడ్చేది. అర్థం చేసుకోలేక కమిలి కూడా పక్కనే కూర్చుని ఏడ్చేది.

ఆ చలికాలంలో ఖమ్మం నుంచి ఒక టీచరమ్మ కుటుంబంతో వచ్చి మా దగ్గర దిగింది. వినపడని పిల్లలు చదివే బడిలో పని చేస్తుందట. సునీతను చూసి, కమిలిని కూర్చోబెట్టి, పిల్లను ఇట్లా వదిలేయకమ్మా, చేతులతో మాట్లాడటం నేర్పుతాం, చదువు నేర్పుతాం, సీటు ఉంటే నేనే ఫోన్ చేస్తాను అంది. కమిలి వాళ్ల ఫోనుకు అక్కడ సిగ్నల్ లేదు. నాది వేరే కంపెనీది, వాటర్ ట్యాంకు మెట్లెక్కితే వచ్చేది. అందుకని నా నంబరు ఇచ్చారు. కమిలే చెప్పి ఇప్పించింది.

వానలు పడ్డ కొత్తలో ఫోన్ వచ్చింది. బాబుతో మాట్లాడుదామని ట్యాంకు మెట్లెక్కి నిలబడ్డాను. టీచరమ్మ గొంతు సంతోషంగా ఉంది. సీటు దొరికింది, వారంలో తీసుకురమ్మనండి, తల్లికి కూడా హాస్టల్ వంటింట్లో పని ఉంది, పిల్లతోపాటు అక్కడే ఉండొచ్చు అంది. చెప్తాను మేడం అన్నాను. నిజంగానే చెప్పాలనుకున్నాను. ఈ ఒక్క మాట నమ్మండి. కానీ మెట్లు దిగుతుంటేనే నా బుద్ధి ముందుకు పరిగెత్తింది. పిల్ల పోతుంది. పిల్లతో కమిలి పోతుంది. లాలూకు ఖమ్మంలో ఏ హోటల్లోనైనా పని దొరుకుతుంది, అతనూ పోతాడు. ఇక ఈ వాన, ఈ తాళాలు, ఈ కుర్చీలు, నేను.

కింద కమిలి పరుపులు దులుపుతోంది. నన్ను చూసి, బాబు ఏమన్నడక్కా అని అడిగింది. బాగున్నాడన్నాను. అంతే. రేపు చెబుదామనుకున్నాను. రేపు వాగు పొంగింది. ఎట్లాగూ దాటలేరు కదా, తగ్గాక చెబుదామనుకున్నాను. వాగు తగ్గింది. నేను చెప్పలేదు. ఆ రోజుల్లో నాకు నేను చెప్పుకున్న సాకులన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. అంత చిన్నపిల్ల హాస్టల్లో ఎట్లా ఉంటుంది? ఊరు కాని ఊళ్లో కమిలి ఏం పడుతుంది? వచ్చే ఏడు పంపొచ్చులే. ఇవన్నీ వాళ్ల మంచి కోసమే అనుకున్నాను. నా కొడుకును మాత్రం చదువు పాడవుతుందని నేను వాడికి ఐదేళ్లు నిండకముందే తల్లాడ పంపాను. ఆ సంగతి ఆ రోజుల్లో ఒక్కసారైనా నాకు తట్టలేదా? తట్టే ఉంటుంది. తట్టనట్టు ఉన్నాను.

టీచరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఎందుకు రాలేదండీ అంది. అప్పుడైనా కిందికి చూసి కమిలీ అని కేక వేస్తే సరిపోయేది. వాళ్లు పంపేటట్టు లేరు మేడం, చిన్నపిల్ల కదా అన్నాను. నా గొంతు వణకలేదు. సరే, సీటు వేరేవాళ్లకు ఇస్తాం అని టీచరమ్మ పెట్టేసింది. మొదటిసారి చెప్పకపోవడం పిరికితనం అనుకోవచ్చు. రెండోసారి చేసినదానికి నాకు ఏ మెత్తటి పేరూ దొరకలేదు.

ఆ సాయంత్రమే కాబోలు, వంటింట్లో నేను టీ పెడుతుంటే కమిలి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, ఆ టీచరమ్మ ఫోన్ గిట్ల ఏమన్న చేసిందా?"

"లేదు కమిలీ. రాలేదు."

"వానలకు సిగ్నల్ పోయిందేమో."

"అవ్, అదే అయ్యుంటది. వస్తే నీకు చెప్పకుంటనా?"

"నువ్వు చెప్తవ్ అక్కా. నాకెరుకే."

ఆమె టీ గ్లాసు తీసుకుని మొగుడికి ఇవ్వడానికి పోయింది. నేను పొయ్యి కట్టేసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వానలు తగ్గాక లాలూ ఖమ్మం పోయి అడిగొచ్చాడు. సీట్లు అయిపోయాయన్నారట. మీకు ఫోన్ చేశామే, పిల్లను పంపేది లేదన్నారుగా అని కూడా అన్నారట ఆఫీసులో ఎవరో. లాలూ ఆ మాట నా ముందే చెప్పాడు. అయిపోయిందనుకున్నాను. కమిలి మొగుడి మీదికి లేచింది. ఆళ్లు ఇంకెవలికో చేసి మనకు చేసినమంటున్రు, మనకొస్తే అక్క చెప్పకుంటదా అని. లాలూ నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత తల దించుకున్నాడు. అతనికి అనుమానం వచ్చిందో లేదో ఈ రోజుకీ నాకు తెలియదు.

మరుసటి ఏడు వానల్లో ఒక మధ్యాహ్నం సునీత కనపడకుండా పోయింది. లాలూ సరుకులకు బూర్గంపాడు పోయాడు. మా ఆయన కూడా లేడు. వాగు చప్పుడు కాటేజీలదాకా వినిపిస్తోంది. కమిలి ఒకవైపు, నేను ఒకవైపు పరిగెత్తాం. సునీతా, సునీతా అని గొంతు చిరిగేలా అరుస్తున్నాను. కొంతదూరం పోయాక గుర్తొచ్చింది, ఆ పిల్లకు వినపడదు. ఆమెకొక పేరుందని కూడా ఆమెకు తెలియదు. అయినా పిలవడం ఆపలేకపోయాను. పిలవకపోతే ఇంకేం చేయను? ఈ పాటికి ఖమ్మంలో బడిలో ఉండాల్సిన పిల్ల. ఈ నీళ్లు ఇవాళ ఆమెను తీసుకుపోతే తీసుకుపోయింది నేను. వానలో తడుస్తూ ఆ మాట నాతో నేను పైకే అన్నాను.

కల్వర్టు పక్కన, బురద ఒడ్డు మీద దొరికింది. కాళ్లు నీళ్లలోకి వేలాడేసి కూర్చుంది. వెనక నుంచి పోయి నడుం పట్టి లాగాను. ఉలిక్కిపడి నన్ను కొట్టింది, కరిచింది. నేను దాన్ని గుండెకు హత్తుకుని కింద కూలబడ్డాను. కమిలి వచ్చి నా కాళ్లు పట్టుకుంది. నా బిడ్డను బతికించినవ్ అక్కా అంటూ.

అప్పుడు చెప్పాల్సింది. అంతకంటే సమయం ఏముంటుంది? ఆమె చేతులు నా పాదాల మీద ఉన్నాయి. లే కమిలీ, లే, పిల్లకు చలేస్తుంది అన్నాను. ఆమె కృతజ్ఞతను దాచుకున్నాను. దొంగసొమ్ము అని తెలిసీ దాచుకున్నట్టు.

ఇంకొక ఏడు గడిచాక, బూర్గంపాడులో పెట్టిన వైద్య శిబిరానికి లాలూ పిల్లను తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు రాసిచ్చాడు. నా ప్రమేయం లేకుండానే ఆ బడిలోనే సీటొచ్చింది. వానలు మొదలవకముందే వాళ్లు ట్రంకుపెట్టె, మూటలు ఆటోలో వేసుకుని పోయారు. కమిలి నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె దేనికి ఏడుస్తోందో నాకు తెలుసు. నేను దేనికి ఏడుస్తున్నానో ఆమెకు తెలియదు.

తర్వాత ఏమైందో చెప్పాలి. నేను దేనికి భయపడి ఆ పని చేశానో అది వచ్చింది. ఆ ఏడు వానల్లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. కొత్త వంటమనిషి పెళ్లాన్ని తేలేదు. మొదట్లో గోడలతో మాట్లాడేదాన్ని. ఆ తర్వాత అలవాటైంది. తోట పెట్టాను, రేడియో పెట్టుకున్నాను, పొద్దు పోయింది. ఇంతేనా? ఇంత చిన్నదానికా ఆ పిల్ల రెండేళ్ల మాటలు తీసుకున్నాను? ఒంటరితనం నన్ను చంపలేదు. కానీ కమిలి ఉన్న ఆ చివరి రెండేళ్లూ, ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ కూడా, నేను అంతకు ముందెప్పుడూ లేనంత ఒంటరిగా ఉన్నాను. నవ్వు మధ్యలో ఆగిపోయేది. ఆమె ముఖంలోకి చూసి మాట్లాడలేకపోయేదాన్ని. ఆమెను దగ్గర ఉంచుకోవడానికని చేసిన పనే ఆమెను నాకు దూరం చేసింది.

మొన్న చలికాలంలో కమిలి, సునీత మమ్మల్ని చూడటానికి వచ్చారు. కమిలి జుట్టు నెరిసింది. సునీత చక్కటి మనిషైంది. ఖమ్మంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. చేతులు కదిలిస్తుంటే వేళ్లు వానచినుకుల్లా కదులుతాయి. కమిలి కూడా ఆ భాష నేర్చుకుంది. ఇద్దరూ చేతులతోనే పోట్లాడుకుని నవ్వుకుంటున్నారు. సునీత నా వైపు తిరిగి, భుజం మీది నుంచి కిందికి చేయి జార్చి, నన్ను చూపించింది. ఏమంటోందని అడిగాను. అది నీ పేరక్కా, చిన్నప్పుడు దానికి జడలేసేదానివి కద, పెద్దమ్మ అననీకి అట్లనే చేస్తది అంది కమిలి. ఆ భాషలో నాకొక పేరు పెట్టుకుందా పిల్ల. ఆ భాష ఆమెకు ఆలస్యంగా చేరడానికి కారణం నేను.

ఇంకా రెండేళ్లు ముందొచ్చి ఉంటే చదువులో ఇంకా పైకి పోయేదని బడిలో సార్లు అనేవాళ్లట. కమిలి మామూలుగా, నిన్నటి వాన గురించి చెప్పినట్టు చెప్పింది. మన నసీబ్‌లో అట్లుంది అంది. నా నోరు తెరుచుకుంది. కమిలీ అన్నాను. ఏందక్కా అంది. భోజనానికి లేవండి అన్నాను.

వాళ్లు పోయిన రోజు నుంచి నిద్ర సరిగా లేదు. కమిలికి చెప్తే ఏమవుతుందని ఆలోచిస్తాను. ఆమె క్షమిస్తుందేమోనని భయం, క్షమించదేమోనని కాదు. క్షమిస్తే ఆ బరువు కూడా ఆమె మీదే పెట్టినదాన్నవుతాను కదా? లేక ఇది కూడా నేను చెప్పుకుంటున్న ఇంకొక సాకేనా? నాకు తెలియడం లేదు. నా సాకులు నాకే కొత్త చీరలు కట్టుకుని కనపడతాయి.

మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ హక్కు మీది కాదు. అర్థం చేసుకోమని కూడా అడగను. బయట వాన పడుతోంది, మా ఆయన వాగు అవతల ఉన్నాడు, రిసార్టులో ఇవాళ నేను తప్ప ఎవరూ లేరు. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ సంగతి మొదలు నుంచి చివరిదాకా, ఏమీ మిగల్చకుండా ఒకరికి చెప్పాను. గుండె మీద చేయి వేసి చూసుకుంటే బరువు అట్లాగే ఉంది. కానీ నిన్నటిదాకా ఇది తెలిసింది నాకొక్కదానికే. ఇప్పుడు మనం ఇద్దరం.