హంసగారి తీర్పు

మా అత్తారింట్లో ఎవరికైనా దిగులు పుడితే ఇప్పటికీ నన్నే తలుచుకుంటారు. నవ్వొస్తుందట. ఆ కీర్తిని నేను ఒకే ఒక్క ఉదయాన, గిన్నెడు పాలతో సంపాదించుకున్నాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడు ఎంత లోతుకు దిగజారగలడో తెలియాలంటే చదవండి. లోతు నడుము దాకా అని ముందే చెప్పేస్తున్నాను.

తొంభైల నాటి మాట. మొగల్తూరు దగ్గర మా మావగారికి రొయ్యల చెరువులు ఉండేవి. పంట బాగా కలిసొచ్చిన ఏడాది ఆయన ముచ్చటపడి కలకత్తా నుంచి హంసల జంటను తెప్పించి, పెరట్లో గుంట తవ్వించి, వదిలారు. కొత్త అల్లుడి హోదాలో నేను వెళ్ళేసరికి వాటికి నాలుగు పిల్లలు. పొయ్యిలో దొర్లి వచ్చినట్టు బూడిదరంగులో ఉండేవి. తల్లి వీపెక్కి గుంటంతా షికారు చేసేవి.

"హంస పిల్లలు తెల్లగా ఉండొద్దూ! మోసపోయామేమోనండీ" అని మా అత్తగారి బెంగ.

"ఏడాది పోనీవే, అవే తెల్లబడతాయి" అనేవారు మావగారు.

ఆ రోజు ఆయన కాఫీ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు. అప్పుడే పాలు పోసి, క్యాను భుజాన వేసుకుని వెళ్ళబోతున్న సూరన్నను కేకేశారు.

"ఏం సూరన్నా, వారం నుంచి గేదె దగ్గర పితుకుతున్నావా, కాలవ దగ్గరా?"

"అయ్‌బాబోయ్! నీళ్ళు కలిపితే నా కళ్ళు పోతాయండి."

"చాల్లే. రేపటి నుంచి మాకు పొయ్యక్కర్లేదు."

సూరన్న మొహం వాడిపోయింది. "ఇరవయ్యేళ్ళుగా పోస్తున్న వాడిక అండి, అయ్యగారూ..." అంటూ క్యాను కిందికి దించాడు. మా అత్తగారు ఎందుకో గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త అల్లుడు హద్దెరగడు. నేను లేచాను.

"ఆగండి మావయ్యగారూ! ఇంట్లో హంసను పెట్టుకుని అనుమానాలెందుకండీ?"

"హంసేం చేస్తుందండి, అల్లుడుగారూ?"

"పాలు తాగి నీళ్ళు వదిలేస్తుంది. గిన్నెలో నీళ్ళు మిగిలితే సూరన్న దొంగ. మిగలకపోతే దొర. శాస్త్రం!"

సూరన్న రెండు చేతులూ జోడించాడు. "ఆయ్, ఆ హంస ఎలా చెబితే అలాగేనండి."

నా భార్య పద్మ చెవిలో గొణిగింది. "ఏమండీ, అవి నాచు తప్ప ఏదీ ముట్టవండీ."

"మీరెప్పుడైనా పాలు పెట్టి చూశారా?" అన్నాను. ఇంత ధీమా నాకు పరీక్షల్లో కూడా ఉండేది కాదు.

ప్రహరీ మీద ఇరుగుపొరుగు తలలు లేచాయి. జరీ పంచెలో, వెండి గిన్నెతో, పెళ్ళినాటి నడకతో గుంట మెట్లు దిగాను. తల్లి హంస మెడ ముంచి అడుగున ఉన్న నాచు పీకి పిల్లల ముందు పడేస్తోంది. తండ్రి మాత్రం నన్నే చూస్తోంది.

"ఏమండీ, పిల్లలున్నాయి! మగది ఊరుకోదు!" అని గట్టు మీద నుంచి పద్మ అరిచింది.

"నేను పాలు తెస్తున్నాను, కత్తి కాదు" అంటూ ఇంకో మెట్టు దిగాను.

అది రెక్కలు విప్పింది. విప్పితే చాప పరిచినంత ఉంది. బుస కొడుతూ నీళ్ళ మీద పరుగెత్తుకొచ్చింది. నేను వెనక్కి తగ్గబోయి పాచి మెట్టు మీద జారాను. గిన్నె ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి. నడుములోతు నీళ్ళలో లేచి నిలబడేసరికి నా చుట్టూ పాలు తెల్లగా పరుచుకుంటున్నాయి. హంస వాటి వంక కన్నెత్తి చూడలేదు. నా జరీ అంచును మాత్రం శ్రద్ధగా పీకింది.

"తీర్పేంటండి, అల్లుడుగారూ?" అన్నారు మావగారు, నవ్వు ఆపుకుంటూ.

సూరన్న గట్టు మీద నుంచి వినయంగా వంగాడు.

"ఇరవయ్యేళ్ళలో ఏనాడూ నా పాలల్లో ఇన్ని నీళ్ళు పడలేదండి. తమరే కలిపేరండి."

ప్రహరీ అంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికొచ్చారు. "సూరన్ననేం అనకండి. కొత్త అల్లుణ్ణి చూడ్డానికి వారం నుంచి ఒకటే జనం. కాఫీలకి పాలు చాలక చెంబుడు నీళ్ళు నేనే పోస్తున్నాను."

సూరన్న పాల వాడిక నిలిచింది. నాకూ సంతోషమే. కానీ పంచె అంచు దక్కలేదు.

ఆ నీళ్ళలోనే, ఆ పాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ఏ పక్షినీ పంచాయతీకి పిలవను. పిల్లలున్న తండ్రి దగ్గరికి అమృతం పట్టుకునైనా వెళ్ళను. అత్తగారి చేతి కాఫీలో చేపలు ఈదుతున్నా, "చిక్కగా ఉందండీ" అనే తాగుతాను.