గులాబీ తోట బావిలో ఉప్పు

ఒక అబద్ధం చాలా ఏళ్లుగా నాలోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. కోరుట్ల శివారులో ఒక ఫంక్షన్ హాలు, దాని వెనక ఈతకొలను. ఆ నీళ్లలో ఉప్పు కలిపితే చాలు, ఒక యంత్రం ఆ ఉప్పు నుంచే క్లోరిన్ తయారుచేస్తుంది. దాన్ని చూసుకునే పని నాది.

ఆ ఎండాకాలం కొలనులో నీళ్లు తగ్గుతూ వచ్చాయి. బోరు నీళ్లతో నింపితే యంత్రం ఉప్పు తక్కువైందని చూపేది. బస్తా గుమ్మరించినా కొద్ది రోజులకు మళ్లీ అదే.

"ఎండకు ఇగిరిపోతున్నయ్ తియ్" అన్నాడు మా యజమాని.

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎండ నీళ్లను తీసుకుపోతుంది గానీ ఉప్పును తీసుకుపోదు కదా? మరి ఉప్పు ఎక్కడికి పోతోంది?

కొలను మెట్టు మీద అవే నీళ్లతో బకెట్టు నింపి పెట్టి చూశాను. బకెట్టులో వేలి మందం తగ్గేసరికి కొలనులో జానెడు తగ్గింది. అంటే ఎండ కాదు, ఎక్కడో కారుతోంది. మోటారు ఆపినా తగ్గింది. నింపడం మానేస్తే, నీటిమట్టం కొలను గోడలో ఉన్న లైటు దాకా దిగి అక్కడ ఆగిపోయింది. మళ్లీ కొంచెం నింపి, ఆ లైటు అంచున సిరా చుక్కలు వదిలాను. సిరా చెదరలేదు. సన్నని దారంలా సాగి లైటు వెనక పగులులోకి పోయింది. ఎంత ఆనందమో!

యజమానికి చూపించాను. రాస్తారోకోలతో హైదరాబాద్ నుంచి మరమ్మతు సామాను రావడం లేదు, పెళ్లిళ్లు ఒప్పుకున్నాం, సామాను వచ్చేదాకా నింపుతూ ఉండమన్నాడు. నింపుతూ ఉన్నాను.

ప్రహరీ గోడ అవతల యాకూబ్ చాచా గులాబీ తోట. ఆకుల అంచులు కాలినట్టు మాడసాగాయి. ఒక పొద్దున ఆయన సీసాలో తన బావి నీళ్లు పట్టుకొచ్చాడు.

"నీళ్ల పని నీకెరుకే గద బేటా. నా బాయికి ఏమైందో జర జూడు."

ఉప్పు కొలిచే మీటరు ముంచాను. ఉప్పు. నిజం చెప్పాలి, ముందు నాకు కలిగింది జాలి కాదు. నీళ్లు ఎక్కడికి పోతున్నాయో తేలిందన్న సంతోషం. ఆ తర్వాతే ఆయన ముఖం చూశాను.

"పోయినేడు బాయి లోతు తీపిచ్చినవ్ గద చాచా. అడుగున్న ఉప్పు పైకచ్చింది."

"అంటే నేనే ఖరాబ్ జేసుకున్ననా?"

తల ఊపాను.

"వానలు పడితే మంచిగైతదా?"

"అయితది."

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అదొక్కటే అయితే నాకు తెలియదంటే సరిపోయేది, తప్పు తీసి ఆ మనిషి మీదనే వేయాల్సిన పనేముంది? ఆ మాట నా నోట్లో అంత తయారుగా ఎలా ఉందో ఇప్పటికీ అర్థం కాదు. ఆ వారమే ఉద్యమ శిబిరంలో ఆయన పక్కనే కూర్చుని, మా నీళ్లు మాకు కావాలని గొంతు చించుకున్నాను.

వానలు పడ్డాయి. సామానూ వచ్చింది, పగులు పూడ్చాను. అప్పటికే ఆయన గులాబీలన్నీ పీకేసి, తోట వదిలేసి, సిరిసిల్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో కుదిరాడని విన్నాను.

పోయిన ఏడాది జగిత్యాల బస్టాండులో ఆ కూతురు కనిపించింది. చాచా లేడని చెప్పింది.

"పానం పోయేదాక గదే రంది అన్నా. నా బాయిని నేనే ఖరాబ్ జేసుకున్న అనుకుంటనే పోయిండు."

"పాపం" అన్నాను. అంతే అన్నాను. ఆమె బస్సెక్కింది.

ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇది సరిపోదని తెలుసు. అయినా ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయనివ్వండి: యాకూబ్ చాచా తన బావిని పాడుచేసుకోలేదు. ఆ ఉప్పు మా కొలనుది. అది తెలిసీ నేను అబద్ధం చెప్పాను.

రాశాను.