అసెంబ్లీలో మోగిన మా బడి గంట

శాసనసభలో పరువు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు కనీసం ఒక కుర్చీ, ఒక మైకు, ఒక పార్టీ ఉంటాయి. ఇవేవీ లేకుండా, పై గ్యాలరీలో బుద్ధిగా కూర్చుని, అర నిమిషంలో తన పరువుతో పాటు పక్కనున్న పెద్దమనిషి పరువు కూడా మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకుపోయినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటున్నాను. ఇంకొకరు ఉంటే చెప్పండి, వెళ్లి కావలించుకుని వస్తాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. మా ఎమ్మెల్యే రాజక్క దగ్గర పీఏగా చేరి మూడు నెలలు. మెడలో కార్డు వేలాడుతుంటే నేనే సగం ఎమ్మెల్యేనని నా నమ్మకం. మిగిలిన సగం ఎవరన్నది నేను పెద్దగా పట్టించుకోలేదు.

మాది మంచిర్యాల జిల్లాలో ఒక ఓపెన్‌కాస్టు గని పక్క ఊరు. అంటే భూమిని పైనుంచే తవ్వుకుంటూ పోయి బొగ్గు తీస్తారు. మధ్యాహ్నం పూట మందు పెట్టి బండను పేలుస్తారు. ఒకరోజు ఒకటిన్నరకు, ఒకరోజు మూడింటికి. పేలినప్పుడల్లా ఊరంతా ఒకసారి ఎగిరి కూర్చుంటుంది. మా ఊళ్లో ఏ ఇంట్లోనూ గిన్నెలు అరల మీద ఉండవు, అన్నీ నేల మీదే. గని సైరన్ గాలి మావైపు వీస్తే వినిపిస్తుంది, లేకపోతే లేదు. అందుకని మా హెడ్‌మాస్టరు గని దగ్గర ఒక మనిషితో మాట్లాడుకుని, అతను ఫోన్ చేయగానే బడిలో కరెంటు గంట నొక్కేవారు. ఆపకుండా నొక్కితే బ్లాస్టింగ్ అని గుర్తు.

గంట మోగితే ఏం చేయాలో మాకు ఒకటో తరగతిలోనే నేర్పారు. పుస్తకం వదిలేయాలి. పెద్దవాళ్లు పక్కనున్న చిన్నవాళ్ల చెయ్యి పట్టుకోవాలి. గోడ పక్కన నిలబడకూడదు. మైదానం మధ్యకు పోయి కూర్చోవాలి. పేలుడు వినిపించేదాకా లోపలికి రాకూడదు. పదేళ్లు ఆ బడిలో చదివి, మరో రెండేళ్లు అక్కడే వాలంటీరుగా పాఠాలు చెప్పాను. ఎక్కాలు మరిచిపోయాను గానీ ఇది మరవలేదు.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ బడిలోనే మధ్యాహ్నం వంట చేస్తుంది. ఆ ఏడు ఒకనాడు గంట మోగి, పిల్లలు బయటికి వచ్చిన కాసేపటికి పేలుడు అదురుకు మూడో తరగతి గోడ లోపలికి కూలింది. పిల్లల పలకలు దాని కింద ఉండిపోయాయి. ఆ రోజు అవ్వ అన్నం ముట్టలేదు.

"గంట మోగింది కాబట్టి బతికిన్రు బిడ్డా. ఒకనాడు కరెంటు లేకపోతె ఏం గతి? బడి విడిచినంక పేల్చుకోమను. మీ అక్కను గంతే అడుగుమను," అంది.

రాజక్కకు చెప్పాను. ఆమె కార్మికుల కుటుంబంలో పుట్టిన మనిషి, నేను సగం చెప్పేసరికే లేచి నిలబడింది. మరుసటి సమావేశాల్లో మాట్లాడటానికి మూడు నిమిషాలు అడిగి తీసుకుంది. ప్రసంగం రాయమని నాకు చెప్పింది.

నేను పదకొండు పేజీలు రాశాను. అందులో సిరిసిల్ల మగ్గాలున్నాయి, గోదావరి ఇసుక ఉంది, బోథ్ పత్తి ఉంది, కాకతీయుల చెరువులు కూడా ఎక్కడో దూరాయి.

అక్క తిరగేసి, "సదయ్యా, గిది చదివితె నా పదవీకాలం అయిపోతది," అని బడి గురించి రాసిన ఒక్క పేజీ చించుకుని, మిగతా పది నా చేతిలో పెట్టింది. వాటిని ఎందుకైనా మంచిదని సంకలో పెట్టుకుని గ్యాలరీకి బయల్దేరాను.

అంతకుముందే ఊరికి ఫోన్ చేసి, లైవ్ వస్తుంది, అందరూ చూడండని హుకుం జారీ చేశాను. బడిలో పెద్ద టీవీ ఉంది. పిల్లలు, వాళ్ల తల్లులు, వంట ముగించుకుని మా అవ్వ, అందరూ అక్కడ చేరారు.

గ్యాలరీలో మార్షల్ ఒకాయన షరతులు చెప్పాడు. మాట్లాడొద్దు, లేవొద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు. నా పక్కన తెల్లటి పంచెలో భారీ మనిషి ఒకాయన కూర్చున్నాడు, రిటైరైన పోస్టుమాస్టరట. సభ చూడటం అదే మొదటిసారట. ఆయన కాలు మీద కాలు వేసుకుంటే నేను కార్డు ముందుకు లాగి చూపించి, "పెద్దాయనా, ఇక్కడ కొంచెం పద్ధతిగా ఉండాలె," అన్నాను. పాపం, వెంటనే కాలు దించాడు. చదివేవారు ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలని మనవి.

అక్క వంతు భోజనాల తర్వాత వచ్చింది. కిందికి తొంగి చూశాను. సభ్యులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకాయన కళ్లు మూసుకుని రాష్ట్రం గురించి ఆలోచిస్తున్నాడు. అక్క లేచి, "అధ్యక్షా, మా దిక్కు ఒక బడి ఉన్నది," అనగానే ఎవరో లేచి సభలో కోరం లేదన్నారు. అంటే ఉండాల్సినంత మంది లేరని. అలాంటప్పుడు బయట ఉన్నవాళ్లను పిలవడానికి గంట మోగిస్తారు. ఈ సంగతి పుస్తకంలో చదివాను. ఆ గంట ఎలా ఉంటుందో మాత్రం పుస్తకంలో లేదు.

మోగింది. కరెంటు గంట. ఆపకుండా.

నేను ఆలోచించలేదు. పదకొండు పేజీలు రాసిన బుర్ర ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. కాళ్లు లేచాయి, నోరు తెరుచుకుంది.

"బ్లాస్టింగ్! లెవ్వుండ్రి, అందరు బయటికి నడువుండ్రి! గోడల పక్కకు నిలవడకుండ్రి! అక్కా, నువ్వు గూడ రా!"

సంకలోని పది పేజీలు గాల్లోకి లేచి మగ్గాలు ఒకవైపు, ఇసుక ఒకవైపు సభ మీద రాలాయి. నా చెయ్యి పోస్టుమాస్టరు చేతిని పట్టుకుంది. వింతేమిటంటే ఆయన కూడా మారు మాట్లాడకుండా వచ్చాడు. నా కార్డు మీద అంత గౌరవం పెట్టుకున్నది ప్రపంచంలో ఆయనొక్కడే. ఇద్దరం సగం మెట్లు దిగేసరికి నలుగురు మార్షల్స్ ఎదురొచ్చారు.

ఒక గదిలో కూర్చోబెట్టి, షరతులు చెప్పిన మార్షలే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఏం బ్లాస్టింగ్? ఏడ పెట్టిన్రు?"

"ఓపెన్‌కాస్టుల సార్."

"అదేడున్నది?"

"మా ఊరి పక్క."

"మరి ఈడెందుకు లేచినవ్?"

"గంట మోగింది సార్."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి పోస్టుమాస్టరు వైపు తిరిగాడు. ఆయనకూ సరిగ్గా అదే సందేహం ఉంది. తననెందుకు లాక్కొచ్చావని నన్నే అడిగాడు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల చెయ్యి పట్టుకోవాలని రూలు ఉందని చెప్పాను. "నాకు డెబ్భై ఏళ్లు బాబూ," అన్నాడాయన మెల్లగా. సిగ్గుతో నాకు చచ్చిపోవాలనిపించింది. ఉద్యోగం పోయింది సరే, అక్క మాట్లాడే మూడు నిమిషాలు కూడా నా వల్లే పోయాయి. అవ్వకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అప్పుడే గదిలో గోడకున్న టీవీ వైపు చూశాను. చూసి నోరెళ్లబెట్టాను. సభ కిటకిటలాడుతోంది. మనవాళ్ల సంగతి మీకు తెలుసు కదా. గంట కొడితే రారు గానీ, లొల్లి వినిపిస్తే చేతిలో టీ కప్పు వదిలేసి వస్తారు. లాబీల్లో, క్యాంటీన్లో ఉన్నవాళ్లంతా ఏమైంది, ఏమైంది అంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు. కోరం కాదు, కుర్చీలే నిండిపోయాయి. ఆ మనిషి ఎవరని సభాపతి కోపంగా అడుగుతున్నారు.

అక్క లేచింది. చేతిలో కాగితం మడిచి పక్కన పెట్టింది.

"అధ్యక్షా, ఆయన నా పీఏ. తప్పు ఆయనది గాదు, మాది. గంట మోగితె ఉర్కాలని ఒకటో తరగతిల మేమే నేర్పినం. మీ పిల్లలకు బడి గంట అంటె ఆటలు యాదికొస్తయి. మా పిల్లలకు గోడ యాదికొస్తది. బొగ్గు మాది, కరెంటు రాష్ట్రానిది, పగుళ్లు మా బడివి. బొగ్గు తియ్యొద్దంటలేను. మా నాయిన గూడ గా బొగ్గు తీసే మమ్ముల సాదిండు. బడి విడిచినంక పేల్చుకోండ్రి అంటున్న. గంతే అడుగుతున్న."

గంట మోగకముందు ఫోన్లు చూసుకున్నవాళ్లు ఇప్పుడు ఆమెనే చూస్తున్నారు. ఎవరో బల్ల చరిచారు, తర్వాత అందరూ చరిచారు. మంత్రి లేచి, ఇకమీదట బడి వేళల్లో పేలుళ్లు ఉండవని, గనికి దూరంగా కొత్త బడి కట్టిస్తామని సభలోనే మాటిచ్చారు. నేను ఏడ్చాను. దాచుకోవాల్సిన పనేముంది, వెక్కి వెక్కి ఏడ్చాను. మార్షల్ టీ తెప్పించాడు. క్షమాపణ పత్రం రాయించుకున్నాక, "మాది ఇల్లెందు తమ్మీ," అన్నాడు. ఇల్లెందు కూడా బొగ్గు ఊరే. పోస్టుమాస్టరు నా టీలో బిస్కెట్ ముంచుకుని తింటూ, ఇంత దగ్గరగా సభను చూస్తాననుకోలేదన్నాడు.

మర్నాడు పొద్దున ఊళ్లో బస్సు దిగాను. పూలదండలు ఉంటాయా, నవ్వులు ఉంటాయా అని రెంటికీ సిద్ధపడి వచ్చాను. రెండూ లేవు. బడికి పోతే అవ్వ బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది.

"టీవీల చూసినవా అవ్వా? మంత్రి మాటిచ్చిండు చూసినవా?" అన్నాను.

"ఏడ జూసినం బిడ్డా. అక్క ఒక్క ముక్క మాట్లాడిందో లేదో, టీవీల గంట మోగింది. అందరం బయటికి ఉర్కినం. పెద్దసారు గూడ ఉర్కిండు. పేలుడు వినవడే దాక లోపటికి రావద్దాయె. మూడింటి దాక ఎండల కూసున్నం. వచ్చి చూస్తె వేరేటాయన ఎవలో ఉల్లిగడ్డల గురించి మాట్లాడుతుండు."

నా జీవితంలో అతి పెద్ద అవమానం, అక్క జీవితంలో అతి పెద్ద గెలుపు ఒకేసారి జరిగితే, ఊళ్లో ఒక్కరూ చూడలేదు. ఆ సాయంత్రం బడి ముందు నేనే లేచి, అరిచి, కాగితాలు ఎగరేసి, మొత్తం చేసి చూపించాల్సి వచ్చింది. పోస్టుమాస్టరు వేషం హెడ్‌మాస్టరు వేశారు.

కొద్దిరోజులకు పేలుళ్లు అయిదు తర్వాతకు మారాయి. ఇప్పుడు కొత్త బడిలో గంట పొట్టిగా మోగుతుంది, పిల్లలు ఆటలకే ఉరుకుతున్నారు. కాబట్టి పాఠకమహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ సభలో ఏ గంట మోగినా నేను లేవను. లేచినా అరవను. అరిచినా పక్కవాళ్ల వయసు కనుక్కోకుండా చెయ్యి పట్టుకోను.

అవ్వకు చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. "లెవ్వు బిడ్డా. నవ్వుతె నవ్వనీ," అంది. అందుకని పై ప్రమాణంలో మొదటి వాక్యం కొట్టేయవలసిందిగా కోరుతున్నాను.