కేకు మీద నాయిన ఫోటో

నాగర్‌కర్నూల్‌ల మా ఇంట్లనే కేకులు చేసి అమ్ముత. కేకు మీద ఫోటో అచ్చేసే ప్రింటర్ తెచ్చుకున్నంక నా పరేషాన్ మొదలైంది. చూడనీకి ఆఫీసుల్ల ఉండే ప్రింటర్ లెక్కనే ఉంటది. కాకపోతే దాంట్ల పోసేది తినే రంగు, పెట్టేది పలుచటి చక్కెర షీటు. రోజూ ఏదో ఒకటి అచ్చేస్తుండాలె. ఊకుంటే మా ఎండలకు రంగు లోపల్నే గడ్డకడ్తది.

పోయిన ఎండకాలం కోడేరు నుంచి ఒకామె ఫోన్ చేసింది.

"అక్కా, మా నాయినకు కడుపు ఆపరేషనైంది. రేపు దవాఖాన నుంచి ఇంటికొస్తుండు. ఆయన ఫోటోతోని కేకు గావాలె."

సరే అన్న. అనకపోతే బాగుండు.

తెల్లారి ఫోటో పెట్టి మీట నొక్కిన. ఎరుపు రాలే. రుమాలు చుట్టుకొని నవ్వుతున్న పెద్దమనిషి ఆకుపచ్చ మొఖంతోని బయటికొచ్చిండు. దవాఖాన నుంచి వచ్చే మనిషిని గట్ల చూపిస్తే ఇంకేమన్న ఉన్నదా? మిషిన్‌ల ఉన్న క్లీనింగ్ నడిపిన. మళ్ల ఆకుపచ్చనే. రంగు కారే జాగల గోరువెచ్చటి నీళ్లతోని బట్ట తడిపి ఒత్తిన. ఈసారి మొఖం నిండ చారలు. ప్రింటర్ అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "రోజూ వాడాలె గద మేడం" అన్నడు. ఈడ రోజూ ఫోటో కేకు ఎవరు తింటరు? మా ఆయనేమో "ఉత్త కేకు మీద పేరు రాసియ్యరాదు" అన్నడు. ఆయన మీద గూడ అరిచిన.

మళ్ల మళ్ల తడిపి ఒత్తంగ ఒత్తంగ, పగటి బువ్వ యాల్ల దాటినంక, ఉన్న ఆఖరి షీటు మీద ఆ మొఖం మనిషి రంగుల వచ్చింది. పానం లేచొచ్చింది.

సాయంత్రం ఫోన్ చేసిన ఆ బిడ్డనే కారు తీస్కొని వచ్చింది. దారిల క్రీము జారితే సర్దనీకి నన్ను గూడ ఎక్కించుకున్నది. ఇంట్ల వాళ్ల నాయిన మంచం మీద దిండుకు ఆనుకొని కూసున్నడు. కేకు చూసి మురిసిండు. బిడ్డ ఆయన చేతికి కత్తి ఇచ్చిందో లేదో, వాళ్లమ్మ ఉరికొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఏందే గిది? ఇప్పుడే కడుపు కోసి కుట్టి పంపిండ్రు. మళ్ల మొఖం కోస్తరా?"

"అమ్మా, అది చక్కెరనే."

"చక్కెరైతేంది, మీ నాయిన గాదా?"

బిడ్డ నా దిక్కు చూసింది. షీటు ఊడదీద్దామని అంచు పట్టిన. క్రీముకు నాని మెత్తబడ్డది.

"చెవి చినుగుతది, ఇడువమ్మా!" అని పెద్దామె మొత్తుకున్నది.

ఆఖరికి చుట్టూరా అంచులు కోసి అందరికి పెట్టిండ్రు. నడుమ మొఖం ముక్క ఫ్రిజ్‌లకు పోయింది. పొద్దంతా నేను కొట్లాడింది ఆ ముక్క కోసమే. మంచిగొచ్చిందని ఒక్కరు గూడ అనలే. ఇంటికొచ్చేదాక పండ్లు కొరుక్కుంటనే ఉన్న.

కొన్నొద్దులకు మళ్ల ఫోన్.

"అక్కా, నాయిన మొఖం ఇంకా ఫ్రిజ్‌లనే ఉన్నది. అమ్మ తిననిస్తలేదు, పారేయనిస్తలేదు. ఏం చెయ్యాలె?"

"నన్నడిగితే నాకేం తెల్సమ్మా?" అని కసురుకున్న.

వారం కాకముందే మళ్ల చేసింది. వాళ్లమ్మ చేను దిక్కు పోయినప్పుడు ఆ పెద్దమనిషే చెంచా తీస్కొని తన మొఖం తనే తినేసిండంట. ఆమె ఇంటికొచ్చి చూసి ఆయనతోని మాట్లాడుడే బంద్ చేసిందంట. చెప్పుకుంట ఆ బిడ్డ పడి పడి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలే.

ఇప్పుడు ఎవరన్న ఫోటో కేకు అడిగితే, ముందు వాళ్లింట్ల పెద్దామెకు ఫోనియ్యమంట. కోస్తే ఒప్పుకుంటవా అమ్మా అని అడిగినంకనే మిషిన్ ముట్టుకుంట.