కట్టెకు రెండో కొస

నా చిన్నప్పుడు మా ఊళ్లో జరిగిన ఈ సంగతిలో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదని, తిన్న రాగిసంగటి మీద, మా జేజి, అంటే మా నాయనమ్మ, సమాధి మీద ఒట్టేసి చెబుతున్నాను. నేను ఒట్టు వేస్తే మావాళ్లు నవ్వుతారు. నా మాటల్లో సగం అక్కడే తీసిపారేసి, మిగిలిన సగాన్ని ఇంటికి పోయి జల్లెడ పట్టుకోవాలని పావగడ సంతలో నాకు పేరు. మా చేనులో కాసిన గుమ్మడికాయను తొలిస్తే వానకు మేకలన్నీ అందులో దూరాయని ఒకసారి చెప్పిన మాట వాస్తవమే. అది వేరు, ఇది వేరు. ఇది చెప్పబోతే ఇప్పటికీ నాకు ఆ కంపు ముక్కుకు తగులుతుంది. కంపు కొట్టే మాటను ఎవరూ సరదాకు కల్పించుకోరు.

అప్పుడు మైసూరు మహారాజుల ఏలుబడి. మాది తిరుమణి దగ్గర చిన్న ఊరు. ఊరికి పెద్ద పటేలు. ఊరికి ఎడంగా మా గేరి, అంటే మావాళ్ల గుడిసెల వరస. ఊళ్లో ఏ గొడ్డు చచ్చినా మోసుకుపోవడం మా గేరి వెట్టి. కూలి లేదు, కేక మాత్రం వచ్చేది. కేక వినబడితే ముందున్న ముద్ద వదిలేసి పోవాలి. మోసుకుపోయిన దాన్నే వండుకు తినాలి. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, కుడి భుజం మీద గొడ్డును వేలాడగట్టి మోసే కట్టె ఒరిసి ఒరిసి కోడిగుడ్డంత కాయ కాచి ఉండేది. నేను ఆయన భుజాల మీద ఎక్కినప్పుడల్లా ఆ కాయనే పట్టుకునేవాణ్ణి.

నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి గేరి గేరంతా క్రీస్తు మతంలో కలిసింది. ప్రార్థన చెప్పడానికి ఒక ఉపదేశి వచ్చి మా మధ్యే కాపురం పెట్టాడు. ఆయనా, గేరి పెద్దలూ కూర్చుని ఒక కట్టుబాటు చేశారు. ఇక మీదట చచ్చిన గొడ్డును ముట్టేది లేదు, తినేది లేదు. ముట్టినవాడికి ప్రభువు బల్ల దగ్గర చోటు లేదు. ప్రభువు బల్ల అంటే నెలకోసారి రొట్టె ముక్క, ఎండుద్రాక్ష నానేసిన రసం అందరూ కలిసి పంచుకునే ఆరాధన. ఆ కట్టుబాటుకు అందరికంటే ముందు చెయ్యెత్తింది మా జేజినాయనే. ఆ రాత్రి ఆయన భుజానికి ఆముదం రాస్తూ మా జేజి, ఇక ఈ కాయ కరిగిపోతుందేమోనని మురిసిపోయింది.

ఊరికి ఇది మింగుడుపడలేదు. ఒక గొడ్డు చావనీ, అప్పుడు చూద్దాం వీళ్ల పొగరు అన్నాడట పటేలు. అందరూ ఏ గొడ్డు చస్తుందా అని కాచుకుని ఉండగా, చచ్చింది పటేలు ఎద్దు కాదు, పెయ్య అవ్వ పెయ్యదూడ.

ఆమె గొర్రెలు కాచే ఇళ్లలో ఒక ముసలామె. కొడుకు కోలారు బంగారు గనుల్లోకి పోయి మళ్లీ రాలేదు. తల్లి చచ్చిన ఆ దూడకు గంజి పోసి, తన కంబళిలో పడుకోబెట్టుకుని పెంచింది. అందుకే ఊరంతా ఆమెను పెయ్య అవ్వ అనేవాళ్లు. ఎండాకాలంలో ఏం జబ్బు చేసిందో, అది ఆమె వాకిట్లో పందిరి కింద పడి చచ్చిపోయింది. బక్క దూడ. ఇద్దరు మనుషులు మోసే బరువు.

ఆ ఇద్దరే దొరకలేదు. ఊళ్లోవాళ్లు ఎవరైనా ముట్టారంటే కులం తప్పినట్టే, వాళ్లకు నిప్పూ నీళ్లూ బంద్. అవ్వ ముట్టినా అంతే. వాకిట్లో గొడ్డు పడి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని ఇంకో ఆచారం. మైలపడిన ఇంటికి ఒక ముద్ద తెచ్చి ఇచ్చే దిక్కు కూడా లేదు. గేరివాళ్లు దిగివచ్చేదాకా ఎవరూ కదలొద్దని ఊరు. ఊరు ముక్కు పగిలేదాకా కదలొద్దని మా గేరి. ఈ రెండు పంతాల మధ్య ఆ ముసలామె పస్తు. కుక్కలను, రాబందులను పందిరి కిందికి రానీకుండా కర్ర పట్టుకుని కూర్చుంది. కంబళిలో పెట్టుకుని పెంచినదాన్ని అవి పీక్కు తింటుంటే చూడలేక.

మూడో రోజుకు దూడ పొట్ట బానలా ఉబ్బింది. నోట్లోంచి, వెనకనుంచి నల్లటి నీళ్లు కారి వాకిలంతా జిగటగా అయింది. ఈగలు ఎంత ముసిరాయంటే ఎర్రదూడ నల్లదూడగా కనిపించింది. ఆ వాసన గురించి చెబితే మీరు నమ్మరు. పటేలు తన అరుగు మీద కూర్చుని ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుంటే, కాయ పచ్చిది పండై, పండు వడిలి, సాయంత్రానికి ఊరగాయ అయింది. మా గేరిలో మాత్రం తక్కువా? పెద్ద పెద్ద మీసాల మగవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఊరికి బుద్ధి వచ్చిందిలే అని గుడ్డ వెనక నవ్వుకున్నారు. అవ్వకు సంగటి పెట్టిరమ్మని మా జేజి ఎవరినో బతిమాలితే, పోతే ఊరు గెలిచినట్టవుతుందని ఎవరూ పోలేదు. దూడ కంపు మూడు రోజుల్లో మొదలైంది. ఈ కంపు ఎన్నాళ్లనుంచి ఉందో ఎవరికి తెలుసు!

మర్నాడు ఆదివారం. మా ప్రార్థన గుడిసెలో ఉపదేశి పొరుగువాళ్ల మీద ప్రేమ గురించి ప్రసంగం చేస్తున్నాడు. నోటికి పైపంచె అడ్డం పెట్టుకుని చెబుతున్నాడు కాబట్టి ప్రేమ అనే మాట సరిగ్గా వినబడడం లేదు. అప్పుడే ఆకాశంలో తిరిగి తిరిగి, ఆ వాసనకు తట్టుకోలేక మూర్ఛపోయిన ఒక రాబందు మా గుడిసె బోదగడ్డి కప్పు చీల్చుకుని ఉపదేశి ముందర దభీమని పడింది. కాసేపటికి కళ్లు తెరిచి, ఆయన పాదాల దగ్గర ఇంత కక్కి, తలుపులోంచి నడుచుకుంటూ వెళ్లిపోయింది. రెక్కలున్న సంగతే మరిచిపోయింది పాపం.

మా జేజినాయన లేచి నిలబడ్డాడు.

“అయ్యా, పొరుగు అనేది యాడి దాకా ఉండాది?” అన్నాడు. ఉపదేశి నోటికడ్డం పెట్టుకున్న పైపంచె తీసేలోపే మళ్లీ ఆయనే అన్నాడు. “ఆ యమ్మ వాకిలి వాసన ఈడి దాకా వస్తా ఉండాది. వాసన వచ్చేంత దూరం మనకు పొరుగే అనుకుంటా.”

ఉపదేశి కట్టుబాటు గుర్తుచేశాడు. నువ్వే ముందు చెయ్యెత్తావు కదా అన్నాడు.

“కట్టుబాటు మంచిదేనప్పా. మన మెడ మింద కాడి దింపింది. దాన్ని తీసి ఆ ముసిల్దాని మెడ మింద పెట్టొద్దు.”

అంతే. ఇంటికి వచ్చి చూరులోంచి పాత కట్టె, తాళ్లు తీశాడు. ముందు వంకకు, అంటే ఊరవతలి వాగు ఒడ్డుకు, పోయి ఒక్కడే గుంత తవ్వి వచ్చాడు. గేరి కుర్రాళ్లు నలుగురైదుగురు రోషం తెచ్చుకుని వెంటబడితే వద్దన్నాడు. నన్ను మాత్రం ఈగలు తోలడానికి వేపమండ చేతికిచ్చి తీసుకుపోయాడు. దగ్గరికి పోయేసరికి పొద్దున తిన్నదంతా నా నోట్లోంచి బయటికి వచ్చింది. చొక్కాతో ముక్కు మూసుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి నా చెయ్యి తీసేశాడు.

“ముక్కు మూసుకోవద్దు నాయనా. మూసుకుంటే రేపటికి మర్చిపోతావు.”

దూడ కాళ్లు కట్టి, కట్టెకు సరిగ్గా నడిమధ్య వచ్చేటట్టు బిగించాడు. ఒక కొస దగ్గర గొంతుక్కూర్చుని, భుజం కింద పెట్టి, ఇక లేవలేదు. ఊరంతా దూరంనుంచి చూస్తోంది. పటేలు నవ్వుకుంటూ వచ్చి, మనిషి పొడవు దూరంలో ఆగాడు.

“ఏమిరా, పంతం దిగిందా? ఇంకొకణ్ణి పిల్చుకోని బిన్నా ఎత్తు.”

“ఈ కొస నాది పటేలప్పా. ఆ కొస ఎవురిది?”

ఎవరిదేమిటి, మీవాళ్లదే అన్నాడు పటేలు. జేజినాయన తల అడ్డంగా తిప్పాడు.

“మావోళ్లు పట్టుకుంటే వెట్టి. మీలో ఒకరు పట్టుకుంటే పొరుగు. నేను పొరుగు కోసరం వచ్చినా, వెట్టికి రాలే.”

ఇక చూడండి. తిట్లు మొదలయ్యాయి. తోలు కోసం నాటకమాడుతున్నాడన్నారు. కొత్త దేవుడు నెత్తికెక్కాడన్నారు. ఒకడు రాయి విసిరితే అది దూడ పొట్టకు తగిలి, వచ్చిన శబ్దానికి, దానితో వచ్చినదానికి, విసిరినవాడే పక్కకు పోయి కక్కుకున్నాడు. జేజినాయన మాత్రం కట్టె కింద అలాగే కూర్చున్నాడు. నెత్తి మీద ఎండ. నేను ఈగలు తోలుతూనే ఉన్నాను. ఇటు దూడ పక్కన కర్ర పట్టుకుని అవ్వ, ఆకలికి చెంపలు లోపలికి పోయి, ఎవరి మొహమూ చూడకుండా.

పొద్దు వాలింది. పటేలు నిమ్మకాయ కింద పారేశాడు. పంచె ఎగగట్టాడు. ఊరంతా నోరు తెరిచి చూస్తుండగా వచ్చి రెండో కొస దగ్గర వంగి, “ఆ కొస నాది” అన్నాడు. ఇద్దరూ లేచారు. వంక దాకా మోశారు. గుంతలో తోలుతో సహా పూడ్చారు. పటేలు దారిలో రెండుసార్లు కక్కుకున్నాడు కానీ కట్టె వదల్లేదు. పటేలునే కులంనుంచి వెలివేసే మగాడెవడు ఊళ్లో? ఆ సాయంత్రం అవ్వ పొయ్యి వెలిగించింది.

ఇంటికి వస్తే మా జేజి ఆయన్ని వాకిట్లోనే ఆపి, బూడిదతో, శీకాయతో రుద్ది రుద్ది కడిగింది. “బల్ల కాడ చోటు పాయ. ఈ పొద్దు మంచం మింద చోటు కూడా పాయ” అని సణుగుతూనే కడిగింది. చోటు పోయిన మాట నిజమే. ఉపదేశి కొన్ని నెలలు ఆయన్ని బల్ల దగ్గరికి రానివ్వలేదు. ఆయన పోట్లాడలేదు, మానేయనూలేదు. ప్రతిసారీ గడప అవతల కూర్చుని, లోపల రొట్టె పంచుతుంటే తల వంచుకునేవాడు. ఒకసారి ఉపదేశే లేచి, ముక్క తెచ్చి, గడప దాటి ఆయన పక్కన కూర్చుని తిన్నాడు. ఆ రోజునుంచి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఒట్టు సంగతి. ఇందులో ఒక అబద్ధం ఉంది. రాబందు కాదు. రాబందు పడింది, కప్పుకు పడిన చిల్లు వానాకాలం దాకా అలాగే ఉంది, కావాలంటే మా గేరిలో ముసలివాళ్లను అడగండి. అబద్ధం పటేలు. ఆయన కట్టె పట్టలేదు. నిమ్మకాయ పారేసిన మాట వరకు నిజం, పారేసి ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు. సంతల్లో, పెళ్లిళ్లలో నేను ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన చేత ఆ కొస మోయిస్తూ వచ్చాను. బతికుండగా ఒక్కసారి మోయనివాడు, చచ్చాక నా నోట్లో ఎన్నిసార్లు మోశాడో లెక్కలేదు. ఆయన మీది అసహ్యం తీర్చుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

అసలు జరిగింది ఇది. పొద్దు వాలినా ఎవరూ రాలేదు. అప్పుడు పెయ్య అవ్వ చేతిలో కర్ర కింద పెట్టింది. కొంగు బిగించి రెండో కొస దగ్గరికి వచ్చింది. జేజినాయన కంగారుపడ్డాడు. వద్దవ్వా, నీ కులం పోతాది, రేపు నీళ్లు కూడా దొరకవు అని బతిమాలాడు.

“ఇన్ని దినాలు పస్తుంటే ఏ కులమన్నా వచ్చి చూసినాదాప్పా? పెంచింది నేను. ఆ కొస నాది” అంది.

ఆయన ముడి విప్పి, దూడను తన భుజం వైపుకు జరిపి మళ్లీ కట్టాడు. బరువంతా ఆయన మీద పడి, ఆ భుజం మీది కాయ చితికి నెత్తురు కారింది. అవ్వ చేతుల్లో కొస ఉంది, బరువు లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు.

ఊరు ఆమెను వెలివేసింది. మా గేరి చివర గుడిసె వేసుకుంది, మా కుండలో నీళ్లు తాగింది. ఆమె కూడా మతంలో కలవాలని ఉపదేశి అంటే, తాగనీప్పా, నీళ్లకు వెల కట్టొద్దు అన్నాడు జేజినాయన. కొన్నేళ్లకు ఆమె చనిపోతే ఊళ్లోంచి ఎవరూ రాలేదు. ఆమె కంబళిలోనే ఆమెను చుట్టి, అదే కట్టెకు కట్టబోయాడాయన. అప్పటికి నా భుజం ఆ కట్టెకు అందేంత ఎత్తు పెరిగాను. రెండో కొస నాదన్నాను. ఆయన అలవాటుగా కంబళిని తనవైపు జరుపుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

“నడిమధ్యకు కట్టు జేజినాయనా.”

నా వైపు ఒకసారి చూసి, నడిమధ్యకే కట్టాడు.

ఆ కట్టె ఇప్పుడు మా ఇంటి చూరులో ఉంది. ఎక్కడనుంచైనా కంపు వస్తే ఇప్పటికీ నేను ముక్కు మూసుకోను. ఎవరి వాకిట్లోదో కనుక్కుని పోయి, ఒక కొస దగ్గర కూర్చుని, రెండో కొసకు ఎవరొస్తారా అని చూస్తాను. ఎక్కువసార్లు రావలసినవాళ్లు రారు, తలుపులు వేసుకుంటారు. వచ్చేది మళ్లీ మోయలేనివాళ్లే. వాళ్లు కట్టె పట్టుకునేలోపు, వాళ్లు చూడకుండా, ముడిని కాస్త నావైపు జరుపుకుంటాను.