నాలుగుంబావు మాట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. ఇరవై ఏళ్లుగా సారపాకలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. దానంతట అదే ఆరిపోతోంది, దానంతట అదే వెలుగుతోంది అని భయపడుతూ తెచ్చినవాళ్ల ముందే పెట్టె విప్పి, లోపల వదులైన వైరునో, చచ్చి ఎండిపోయిన బల్లినో చూపించి పంపేవాణ్ణి. కారణం లేకుండా ఏ మిషనూ మాట్లాడదని నేనే అందరికీ చెప్పేవాణ్ణి.

కానీ ఈ సంగతిలో ముందు తప్పు చేసింది మిషను కాదు, నేను. చేసిన పని ఒకటి, చెప్పిన మాట ఒకటి.

సరిత భద్రాచలం సర్కారు దవాఖానాలో నర్సు. వాళ్లది పినపాక పోయే దారిలో ఒక తండా. ఇంట్లో ఆమె, వాళ్ల నాన్న బాలూ నాయక్, ఇద్దరే ఉంటారు. ఆయన జామాయిల్ లారీలు తూచే కాటా దగ్గర పనిచేసి మానేశాడు. ఆయనకు మూర్ఛ ఉంది. పొద్దుటి గోలీ సరిత ఇచ్చి డ్యూటీకి పోతుంది. సాయంత్రం నాలుగుంబావుది ఆయనే వేసుకోవాలి. మర్చిపోతాడు. ఫోన్లో అలారం పెడితే ఆపేసి పడుకుంటాడు.

అందుకని సరిత వాళ్లమ్మ కమ్లీ బతికున్నప్పుడు ఒక ఏర్పాటు చేసింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ట్రైనింగులకని ఊరు దాటినప్పుడల్లా మొగుడి గోలీ మీదే ధ్యాస. తన గొంతు రికార్డు చేసి, ఇంట్లో కంప్యూటర్ రోజూ సరిగ్గా ఆ టైముకు ఆ మాట పలికేట్టు ఎవరిచేతనో పెట్టించింది. కిందటి వానాకాలం ఆమె చనిపోయింది. కంప్యూటర్ మాత్రం రోజూ పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వింటే ఆయన మారుమాట్లాడకుండా లేచి గోలీ వేసుకుంటాడట.

చిక్కేమిటంటే, అది పాత హార్డ్ డిస్కు. ఎండాకాలం కరెంటు పోయి వస్తే మళ్లీ లేవడానికి పావుగంట పైనే పడుతోంది. ఆలోపు నాలుగుంబావు దాటిపోతోంది. ఒకసారి అలాగే గోలీ తప్పి ఆయన పశువుల తొట్టి పక్కన పడిపోయాడు. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేస్తే క్షణాల్లో లేస్తుందని ఎవరో చెబితే సరిత నా దగ్గరికి తెచ్చింది.

పెట్టె నా బల్ల మీద పెట్టి ఆమె అన్నది ఒక్కటే మాట. "అన్నా, ఏది పోయినా పర్వాలే. అమ్మ మాట పోవద్దు."

క్లోన్ చేస్తే ఉన్నది ఉన్నట్టే కొత్త దాంట్లోకి దిగుతుందని, రేపు వచ్చి తీసుకుపొమ్మని చెప్పాను. ఆమెకు చెబుతూనే ఇంకొకరి ఫోన్ ఎత్తాను.

క్లోన్ మొదలుపెట్టాను. డెబ్బై శాతం దాటాక ఆగింది. పాత డిస్కులో పాడైన చోట్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఓపిగ్గా మళ్లీ మళ్లీ చదివిస్తే వస్తుంది, ఒక పూట పడుతుంది. నాకు ఆ ఓపిక లేకపోయింది. ఎస్ఎస్‌డీలో కొత్తగా విండోస్ ఎక్కించి, పాత దాంట్లోంచి ఫొటోలు, కాగితాలు కాపీ చేసి, డెస్క్‌టాప్ మీద బొమ్మ కూడా అదే పెట్టాను. చూడటానికి పాతదే అనిపించింది.

అక్కడితో ఆగలేదు. ఒక మామిడి తోటాయన కాపలా కెమెరాల రికార్డింగు డబ్బాకు డిస్కు కావాలని తొందరపెడుతున్నాడు. సరితను అడక్కుండా వాళ్ల పాత డిస్కు తుడిచేసి అందులో బిగించాను. మర్నాడు ఆమె వచ్చి, "అంతా వచ్చిందా అన్నా?" అని అడిగింది. వచ్చిందన్నాను.

ఆ తర్వాతి రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. నోట్లో నురగతోనే నిలబడిపోయాను. ఆ గొంతు ఎక్కడుందో నేను వెతకనే లేదు. తోటకు పరిగెత్తినా లాభం లేదు, కెమెరాలు అప్పటికే డిస్కు మీద రాసుకుంటూ పోతున్నాయి. ఆ రోజంతా ఫోన్ మోగినప్పుడల్లా ముందు పేరు చూసుకున్నాను. నాలుగున్నరకు సరిత పేరే కనిపించింది. తిట్లకు సిద్ధపడి ఎత్తాను.

ఆమె థాంక్స్ చెప్పింది. అమ్మ టైముకు పిలిచిందట, నాన్న గోలీ వేసుకున్నాడట. నిన్న కూడా పిలిచిందట.

ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. కాగితాలతో పాటు ఆ ఫైలు కూడా వచ్చిందేమో అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. ఫైలు వచ్చినా దానంతట అది పలకదు. ఏ టైముకు పలకాలో చెప్పే అమరిక ఒకటి ఉండాలి. అది కాపీ చేస్తే వచ్చేది కాదు. నేను పెట్టలేదు.

మర్నాడు సర్వీసు వంకతో తండాకు పోయాను. మూడున్నరకు కూర్చుని అణువణువూ వెతికాను. ఆ అమరికల జాబితాలో విండోస్‌వి తప్ప ఇంకేం లేవు. డిస్కు మొత్తంలో ఆమె గొంతుండే ఫైలు ఒక్కటి లేదు. ఇంటర్నెట్ తీగ పీకేశాను. సరిత డ్యూటీలో ఉంది. పెద్దాయనది బటన్ల ఫోను, అది నా ఎదుటే చార్జింగులో ఉంది. నాలుగుంబావుకు రెండు నిమిషాల ముందు స్పీకర్ పిన్ను తీసి చేతిలో పట్టుకున్నాను.

టైముకు ఆడగొంతు వినిపించింది. పెద్దగా కాదు. వంటింట్లో పని చేసుకుంటూ ముందుగదిలోకి కేకేసినట్టు రెండు ముక్కలు. భాష లంబాడీ, నాకు రాదు. స్పీకర్ వైపు నుంచే వచ్చింది. పిన్ను నా పిడికిట్లోనే ఉంది.

బాలూ నాయక్ లేచి, గోలీ వేసుకుని, నీళ్లు తాగి నా వైపు చూశాడు. "ఇంతకుముందు గరగర ఉండె తమ్మీ. గిప్పుడు సాఫ్ వస్తాంది. మంచి సామాను ఏసినవ్."

విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో బిల్లు వెనక రాసుకున్నాను. ఆ సాయంత్రం సరితకు ఫోన్లో చదివి వినిపించాను. మా మాట నీకెట్లొచ్చిందని ఆమె నవ్వింది. అమ్మ రికార్డు చేసింది అచ్చంగా అదేనని చెప్పి అర్థం చెప్పింది. "గోలీ వేస్కో. నేను వచ్చినంక లెక్కపెడతా."

ఇంట్లో లేనప్పుడు ఎన్ని మిగిలాయో వచ్చాక లెక్కపెట్టేదట కమ్లీ.

ఆ వెంటనే నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. పదకొండు రోజులు దాచాను. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నాలుగు అవుతుంటే పని ఆపి గడియారం చూసేవాణ్ణి. అది ఎందుకు పలుకుతోందో తెలియనప్పుడు ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు. ఆగిన రోజు ఆ మనిషి పిలుపు కోసం చూస్తూ కూర్చుంటాడు.

చివరికి ఆదివారం ఇద్దరూ ఇంట్లో ఉండగా పోయి అంతా చెప్పేశాను. క్లోన్ చేయలేదని, డిస్కు ఇంకొకరికి ఇచ్చేశానని, అబద్ధమాడానని.  బాలూ నాయక్ కంప్యూటర్ వైపు చూశాడు.

"అయితే రోజూ పిలుస్తాంది ఎవలు తమ్మీ?" అన్నాడు.

 తలుపు దగ్గరున్న చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.

మర్నాడు పిలుపు రాలేదు. ఆయన చీకటి పడేదాకా ఎదురుచూశాడట. ఇంకా వస్తదేమోనని రాత్రి భోజనం కూడా ముందుగదిలోనే చేశాడట. సరిత చేతికిచ్చినా గోలీ మాత్రం ముట్టలేదు. తెల్లారి దొడ్లో మూర్ఛ వచ్చి పడ్డాడు, నుదురు చిట్లింది. రెండు రోజులు కూతురు పనిచేసే దవాఖానాలోనే ఉన్నాడు. నేను పోతే సరిత మొహం తిప్పుకుంది. తప్పు లేదు.

తోటాయనకు సంగతి చెప్పి కొత్త డిస్కు బిగించి పాతది తెచ్చుకున్నాను. నాకు తెలిసిన విద్యలన్నీ దాని మీద వాడాను. వచ్చిందల్లా మామిడి చెట్లు, గేటు, ఒక కుక్క. దుకాణంలో ఇప్పుడు ఎవరి పాత డిస్కునైనా కొత్తది చూసుకున్నాక వాళ్ల చేతిలోనే పెడుతున్నాను. కాని పని కాలేదనే చెబుతున్నాను.

అన్ని రోజులు పలికిందేమిటో నాకు తెలియదు. నేను నిజం చెప్పాకే ఎందుకు ఆగిందో అసలే తెలియదు. చెప్పి తప్పు చేశానా అని సరితను ఒకసారి అడిగాను. "ముందే చెప్పాల్సింది అన్నా" అంది.

ఆయన దవాఖానా నుంచి ఇంటికొచ్చినప్పటి నుంచి రోజూ నాలుగుకు షట్టర్ సగం దించి బండి మీద తండాకు పోతున్నాను. మొదట్లో ఆయన కూర్చోమనేవాడు కాదు. ఇప్పుడు కుర్చీ వేసి ఉంచుతున్నాడు. నాలుగుంబావు అయ్యేదాకా గోలీ అడగడు, నేనూ ఇవ్వను. ఇద్దరం కంప్యూటర్ ఎదుట కూర్చుంటాం. టైము దాటాక ఇంకో నిమిషం చూస్తాడు. తర్వాత చెయ్యి చాపుతాడు.

"దా తమ్మీ, నువ్వే ఇయ్యి."