గుడ్లు చూడకుండా కోసిన రాణి గదులు

మా ఆవిడ అన్నయ్యకు చూపు బాగా తగ్గిపోయాక, తన జీడితోటలో మిగిలిన ఒక్క తేనెటీగల పెట్టెనూ నాకిచ్చాడు. స్టీల్ ప్లాంట్ క్వార్టర్ వెనక మునగచెట్టు కింద పెట్టుకున్నాను. వారానికోసారి ఫోన్ చేసి ముందు ఈగల క్షేమం అడిగేవాడు, తర్వాతే చెల్లెలిది.

ఆ ఫాల్గుణంలో పెట్టె కళకళలాడింది. నేనే కళ తప్పి ఉన్నాను. ఇరవై ఏళ్లుగా షిఫ్టులు చేస్తున్నా పగటి నిద్ర అలవాటు కాలేదు. ఆ ఉదయం వరసగా ఆరో నైట్ డ్యూటీ దిగి వచ్చాను. సాయంత్రం బావ ఫోన్ చేస్తాడు కదా అని, పడుకోకుండా వెళ్లి పెట్టె మూత తీశాను.

పట్టుల నిండా ఈగలు, పైన తేనె. అడుగు అంచున వేరుసెనగకాయల్లా ఆరు రాణి గదులు వేలాడుతున్నాయి. కొత్త రాణి పుట్టబోతోందంటే పాత రాణి సగం ఈగలతో లేచిపోతుంది. గదులు కోసేస్తే ఆగుతుంది. అయితే కోసే ముందు అరల్లో కొత్త గుడ్లు చూడాలని బావ వందసార్లు చెప్పాడు. గుడ్లు లేవంటే పాత రాణి అప్పటికే వెళ్లిపోయినట్టు. ఇక ఆ గదులే దిక్కు.

గుడ్డు నూలుపోగు ముక్కంత ఉంటుంది. నా కళ్లు మండుతున్నాయి. నిద్ర సుఖమెరుగదంటారు, పనీ ఎరుగదు. చాకుతో ఆరూ కోసేసి, స్నానమైనా చేయకుండా పడిపోయాను.

సాయంత్రం ఫోన్ వచ్చింది. గదులు కోశానని చెప్పాను.

"గుడ్లు సూసినావా బావా?"

"సూసినాను."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ చెప్పింది, వారం కిందట నేను నిద్రలో ఉండగా ఈగలు మునగకొమ్మకు ముద్దలా వేలాడి ఎటో వెళ్లిపోయాయని. లేపుదామనుకుందట, నా మొహం చూసి మనసొప్పలేదట. పరుగెత్తి మళ్లీ మూత తీశాను. చేతులు కాలాక ఆకులు. ఒక్క గుడ్డూ లేదు.

ఉగాది వెళ్లాక బావ బస్సెక్కి వచ్చాడు. అప్పటికీ నిజం చెప్పలేకపోయాను, సిగ్గేసింది. అతను తడుముకుంటూ వెళ్లి పెట్టెకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"రాణి లేదు బావా. ఇవి ఏడుస్తన్నాయి."

పెట్టె మీంచి చెవి తీయకుండానే మళ్లీ అడిగాడు.

"ఆ రోజు డ్యూటీ దిగొచ్చి, నిద్రపోకుండా మూత తీసినావు గదా?"

తలూపాను. అతనికి కనబడదని కాసేపటికి గుర్తొచ్చి, ఔనన్నాను.